పద్నాలుగు మానిటర్ల వెనక అత్తగారి మంచం

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటు. మా ఆవిడ టీచరు, పాప ఇంటర్ రెండో సంవత్సరం. నాకు పాత కంప్యూటర్లంటే ప్రాణం. ఏడో తరగతిలో మా బడికి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ వచ్చింది. చెప్పులు బయట విప్పి ఆరుగురం ఒకదాని ముందు కూర్చునేవాళ్లం, నా వంతు వచ్చేలోపు గంట కొట్టేసేవారు. ఇప్పుడు ఆదివారం తెల్లారేసరికి ఎర్రగడ్డ సంతలో ఉంటాను. ఆఫీసులు ఖాళీ చేసిన సరుకును లాట్లుగా అమ్ముతారు. కావలసింది ఒక్కటే అయినా పది తీసుకోవాలి. ఒక్కోటి నాలుగైదు వందలే. నేను కొనకపోతే సుత్తితో పగలగొట్టి కిలోల లెక్కన అమ్మేస్తారు. ఇంట్లో 31 సీపీయూలు, 14 పాత డబ్బా మానిటర్లు చేరాయి. రెండేళ్లలో మూడింటిని బాగుచేశాను. ఎన్నో ఏళ్లు వెతికితే దొరికిన బీబీసీ మైక్రోను పోయిన నెల ఆన్ చేస్తే ఢామ్మని పేలి ఇల్లంతా పొగ కమ్మింది. దాన్ని మూటగట్టి అటక మీద పెట్టేశాను. ఆ తర్వాతి ఆదివారం ఇంకో పన్నెండు తెచ్చాను. అప్పట్నుంచీ మా ఆవిడ ముభావంగా ఉంటోంది. కాలు విరిగిన వాళ్లమ్మగారిని తెచ్చుకుందామంటే మంచం వేసే చోటేదీ అంటోంది. ఇది వ్యసనమా? తనకి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. మొదటిసారి మీ ఆవిడ వైపు నుంచి చదివాను, కోపం వచ్చింది. రెండోసారి ఆ కంప్యూటర్ గది గుమ్మంలో చెప్పులు విప్పుతున్న పిల్లవాడి దగ్గర ఆగిపోయాను. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పేరుతో బడుల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు వచ్చినవే ఆ బీబీసీ మైక్రోలు. నల్లటి మీటలు, పై వరసలో ఎర్రటివి, ఆన్ చేయగానే ఒక మంద్రపు మోత, వెంటనే పైస్థాయిలో ఇంకోటి. దానిలో ఉన్న జ్ఞాపకశక్తి 32 కేబీ. మీ పాప ఫోన్లో తీసే ఒక్క ఫొటో దానికి పట్టదు. అయినా ఒక తరం పిల్లలకి అదే మొదటి కిటికీ. దాన్ని తాకకుండానే గంట కొట్టించుకుని బయటికొచ్చిన పిల్లవాడు ముప్పై ఏడేళ్ల తర్వాత సంతలో వెతుక్కుంటే అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. మీ ఇష్టం తక్కువదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

కానీ ఒక్కటి గమనించండి. మీకు కావలసింది దొరికింది. దొరికాక దాన్ని అటకెక్కించి మళ్లీ సంతకి వెళ్లారు.

నాకు మీ సమస్య మొత్తం అక్కడే కనబడుతోంది. వెతకడంలో ఉన్న సంబరం వేరు, బాగుచేయడంలో ఉన్న శ్రమ వేరు. బేరం కుదిరిన ఆ ఐదు నిమిషాలు మనసు గాల్లో తేలుతుంది. ఇంటికొచ్చాక స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవాలి, సాల్డరింగ్ చేయాలి, కుదరకపోతే ఓడిపోయినట్టు ఉంటుంది. బీబీసీ మైక్రో పేలినప్పుడు మీరు ఓడిపోయాననుకున్నారు. ఆ బాధ మీద వేసుకున్న మందు ఆ పన్నెండు సీపీయూలు. నా ఊహ తప్పయితే చెప్పండి, కానీ తారీకులు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఒక్కోటి నాలుగైదు వందలే అన్నారు. ఆ డబ్బు వాటిని గుమ్మం దాటించడానికే సరిపోతుంది. ఆ తర్వాత అవి అడిగేది మీ ఆదివారాల్ని. రెండేళ్లలో మూడు బాగుచేశారు. మిగిలిన 28కి ఇదే లెక్కన పద్దెనిమిదేళ్ల పైమాటే. ఈరోజు నుంచి ఒక్కటి కూడా కొనకపోయినా మీకు 67 దాటుతాయి. ఇకమీద ఏదైనా చేతిలోకి తీసుకున్నప్పుడు దీని ధర ఎంత అని కాకుండా దీనికి నా దగ్గర ఎన్ని ఆదివారాలున్నాయి అని మిమ్మల్ని మీరే అడగండి.

ఇంకో మాట రాశారు, నేను కొనకపోతే పగలగొట్టేస్తారని. ఈ మాటకి జవాబు నాకు తెలియక హార్డ్‌వేర్ పని చేసే ఒక స్నేహితుణ్ణి అడిగాను. ఆయన చెప్పింది విని దిగులేసింది. 386, 486 అనే పాత ప్రాసెసర్ల కాలం నాటి మదర్‌బోర్డుల్లో చాలావాటి మీద చిన్న పీపాలాంటి సెల్ ఒకటి ఉంటుందట, నికెల్ కాడ్మియంది. తేదీ, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి పెట్టినది. ఏళ్లు గడిచేకొద్దీ అది కారుతుంది. కారిన క్షారం పచ్చటి పొడిలా పేరుకుని బోర్డు మీది సన్నని రాగి దారుల్ని తినేస్తుంది. కరెంటు పెట్టకపోయినా, డబ్బా తెరవకపోయినా ఆ పని ఆగదు. అంటే సుత్తి దెబ్బ నుంచి మీరు తప్పించి తెచ్చినవాటిలో కొన్ని మీ బాల్కనీలోనే మెల్లగా చనిపోతున్నాయి. కొని పెట్టుకున్నంత మాత్రాన కాపాడినట్టు కాదండీ.

అందుకని వచ్చే ఆదివారం సంతకి వెళ్లే టైముకి ఇంట్లోనే కూర్చోండి. కరెంటు తీసేసి ఒక్కొక్కటే మూత తీయండి, ఆ పీపా సెల్ కనబడితే కత్తిరించి తీసేయండి. పచ్చగా పేరుకున్న చోట వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో తుడిచి తర్వాత శుభ్రం చేయాలట. మానిటర్ల మూత మాత్రం తీయకండి, ప్లగ్గు పీకేసినా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. మూతలు తీసేటప్పుడు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏది బతికుంది, ఏది పోయింది, ఎంతకు కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్నీ రాయండి. రెండు మూడు ఆదివారాలు పడుతుంది, పట్టనివ్వండి.

మా నాన్నకి రేడియోల పిచ్చి ఉండేది. వాల్వు రేడియోలు, చెక్క పెట్టెలవి. పాడైపోయినవి ఎవరిచ్చినా తెచ్చి అటక మీద పెట్టేవారు, రిటైరయ్యాక చేస్తానని. రిటైరైన మూడో ఏడు ఆయన పోయారు. అటక దించితే తొమ్మిది ఉన్నాయి. వాటిలో ఒకటి మా తాతగారిది, నాన్న చిన్నప్పుడు దాని ముందు కూర్చుని వార్తలు విన్నది. అది ఏదో మాకెవరికీ తెలియలేదు. ఎవరికీ చెప్పలేదాయన. అమ్మ తొమ్మిదింటినీ తడిమి తడిమి చూసి, చివరికి అన్నీ తుక్కువాడికి ఇచ్చేసింది. ఆ ఒక్కటి తెలిసుంటే ఈరోజుకీ మా హాల్లో ఉండేది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఉంచాల్సినవేవో మీరే, మీ చేత్తో తేల్చాలని చెప్తున్నాను.

ఏం ఉంచాలి? బీబీసీ మైక్రో ఉంచాలి, అందులో మాటే లేదు. తెలుగుకి సంబంధించినవి ఏమైనా ఉన్నాయేమో చూడండి. విండోస్‌కి ముందు నాటి డాస్ రోజుల్లో తెర మీద తెలుగు అక్షరాలు రావడానికి, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు పెట్టేవారు. ఆఫీసుల నుంచి వచ్చిన లాట్లలో అలాంటిది ఏ డబ్బాలోనైనా దొరికితే దాన్ని పోనివ్వకండి. మన భాష కంప్యూటర్లోకి నడిచొచ్చిన దారి అది. 2003 నాటి పెంటియం 4 డబ్బాలు పది ఉన్నాయంటే మాత్రం పదీ అక్కర్లేదు, ఒక్కటి చాలు. మొత్తం ఐదో ఆరో ఉంచుకోండి. మిగిలినవాటిలో పనిచేసేవి మీలాంటి అభిమానులకి ఇవ్వండి, పాలిటెక్నిక్ పిల్లలకి విప్పి చూసుకోవడానికి ఇవ్వండి. ఇచ్చేముందు హార్డ్ డిస్కుల్లో ఉన్నదంతా చెరిపేయండి, అందులో ఎవరి జీతాల పట్టీలు, ఎవరి ఉత్తరాలు ఉన్నాయో. పోయినవాటిని, ముఖ్యంగా మానిటర్లని, వీధిలో వచ్చే పాత సామాన్లవాళ్లకి వేయకండి. ఆ గాజులో సీసం ఉంటుంది, పగలగొట్టేది ఎవరి పిల్లవాడో. అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్లకే అప్పగించాలి, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనలు కూడా అదే చెప్తున్నాయి.

ఇక మీ ఆవిడ సంగతి. ఎలా నచ్చజెప్పాలి అని అడిగారు. నచ్చజెప్పకండి. ఆవిడకి మీ యంత్రాల గొప్పతనం తెలియక కాదు ముభావంగా ఉంది. ఆవిడ అమ్మ కాలు విరిగి వేరే ఎక్కడో పడుకుని ఉంటే, ఈ ఇంట్లో పద్నాలుగు మానిటర్లకి ఉన్న చోటు ఆమెకి లేదు. ఒక్కో మానిటరు పది కిలోల పైనే ఉండొచ్చు, నేల మీద పేరిస్తే పద్నాలుగూ కలిసి ఒక పెద్దావిడ మంచం అంత చోటు ఆక్రమిస్తాయి. ఆవిడ అడిగింది చోటు గురించే అయినా, ఆవిడకి వినబడుతున్న జవాబు మాత్రం 'మీ అమ్మ కంటే ఇవి ముఖ్యం' అని. మీ మనసులో అది లేదని నాకు తెలుసు. ఆవిడకి తెలియాలంటే మాటలు చాలవు.

వరస మార్చండి. సెల్లులు, నోట్‌బుక్ తర్వాత. ముందు ఈ వారంలోనే ఒక గది ఖాళీ చేయండి. మానిటర్లు పెట్టుకోవడానికి ఎక్కడా చోటు లేకపోతే ఒక నెలకి చిన్న గోడౌన్ అద్దెకి తీసుకోండి, మీ జేబులోంచే. అప్పుడు ఆవిడని పిలిచి మంచం ఎటు వేద్దామని అడగండి. ఆ తర్వాత నోట్‌బుక్ ఆవిడ చేతికివ్వండి, ఖర్చుతో సహా, దాచిన లెక్కలుంటే అవి కూడా. ఇచ్చాక ఆవిడని కాపలా పెట్టకండి. 'నేను కొనకుండా చూడు' అని ఎప్పుడూ అనకండి, భార్యని పోలీసుని చేసిన ఇంట్లో ఇద్దరికీ ఊపిరాడదు. మూడు నెలలు సంతకి వెళ్లకూడదన్న నియమం మీరు మీకే పెట్టుకోండి. ఆదివారం ఏడు నుంచి పది దాకా మీ చేతిలో స్క్రూడ్రైవర్ ఉండాలి.

ఇది వ్యసనమా అన్నారు. మీరు రాసినదాన్ని బట్టి నాకు అలా అనిపించడం లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు లెక్క చెప్పారు, అప్పు చేశానని రాయలేదు. కానీ ఇచ్చేయాలని ఒక డబ్బా పట్టుకున్నప్పుడు గుండె దడ వచ్చి చేతులు రాకపోతే, కార్డు మీద అప్పు చేసి కొంటుంటే, తెచ్చినవి ఇంట్లోవాళ్లకి తెలియకుండా పార్కింగ్‌లోనో ఆఫీసులోనో దాస్తుంటే మాత్రం ఆలస్యం చేయకండి. వస్తువుల్ని వదల్లేకపోవడాన్ని 2013 నుంచి మానసిక వైద్యులు ఒక ప్రత్యేక సమస్యగా గుర్తిస్తున్నారు, దానికి చికిత్స ఉంది. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఆ పేలుడు గురించి కూడా మా స్నేహితుణ్ణి అడిగాను. ఆయన వినగానే నవ్వి, బీబీసీ మైక్రోకి అది మామూలేనన్నారు. పవర్ సప్లైలో ఉండే కాగితం కెపాసిటర్ వయసైపోయి పగుళ్లిచ్చి తేమ పీల్చుకుంటుందట, 230 వోల్టులు తగలగానే పొగ చిమ్ముతుందట. చాలాసార్లు పోయేది ఆ ఒక్క భాగమే. తెలిసినవాళ్ల చేత కొత్తవి వేయిస్తే సరిపోవచ్చునన్నారు. అటక దించండి. దాన్ని బాగుచేయించి మళ్లీ ఆన్ చేసే రోజున ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, మీ అత్తగారికి కూడా. పోయినసారి ఆ చప్పుడికి మీ ఆవిడ ఎలా ఉలిక్కిపడి ఉంటుందో నాకు తెలుసు. మొదటి మీట పాపని నొక్కమనండి, రెండోది మీరు నొక్కండి. తెర మీద ఏం వచ్చిందో నాకు రాయండి.