జీనోమిక్ సెలక్షన్‌లో డబ్బు ముందు మార్కర్లకా, పొలం కొలతలకా?

పాడిపశువుల్లో జీనోమిక్ సెలక్షన్ (డీఎన్‌ఏ చూసి మేలైన వాటిని ఎంచుకునే పద్ధతి) అంత ఫలితమిచ్చింది కదా, కొద్దిపాటి బడ్జెట్‌తో నడిచే మా పంటల బ్రీడింగ్‌లోనూ ఇస్తుందా, ఇస్తే ముందు దేని మీద ఖర్చు పెట్టాలి అని అడిగారు. నేను మొదట పాడిపశువుల రికార్డులతో పనిచేశాను, కొన్నేళ్లుగా ఒక పంటల బ్రీడింగ్ బృందంలో డేటా చూస్తున్నాను. ఫలితం ఇస్తుందండి. కానీ డబ్బు ముందు పొలంలో దిగుబడి లాంటివి సరిగ్గా కొలవడానికే వెళ్లాలి.

పశువుల్లో అది ఎందుకు నెగ్గిందో చూస్తే మీకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఆంబోతు తాను పాలివ్వదు. దాని విలువ తెలియాలంటే కూతుళ్లు పుట్టి, పెరిగి, ఈని, వాటి పాలు కొలిచేదాకా ఆగాలి. అయిదారేళ్లు అందులోనే పోయేవి. 2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ ఒక పరిశోధనా పత్రంలో వేరే దారి చూపించారు. ఏ జన్యువు పని చేస్తోందో ఒక్కొక్కటిగా వెతకడం మాని, క్రోమోజోములన్నిటి మీదా దట్టంగా ఉన్న వేల మార్కర్ల (డీఎన్‌ఏలో ఒక్కో జీవికి తేడాగా ఉండే గుర్తుల) ప్రభావాన్ని ఒకేసారి అంచనా వేసి కూడితే, సొంత రికార్డు లేని దూడ విలువ కూడా లెక్కకు అందుతుందన్నారు. దాదాపు 54 వేల మార్కర్లు చదివే చిప్ వచ్చాక, 2009 జనవరిలో అమెరికాలో హోల్‌స్టీన్, జెర్సీ జాతులకు ఈ అంచనాలు అధికారికమయ్యాయి. ఆ తర్వాత కొన్నేళ్లలోనే అక్కడి హోల్‌స్టీన్లలో ఆంబోతుల తండ్రులకు తరానికీ తరానికీ మధ్య ఎడం సుమారు ఏడేళ్ల నుంచి రెండున్నరేళ్ల లోపుకి పడిపోయింది.

ఇక్కడ చాలామంది పొరబడేది కచ్చితత్వం దగ్గర. కూతుళ్ల పాలు కొలిచి చేసే మంచి సంతతి పరీక్షకు ఉన్నంత కచ్చితత్వం దూడ డీఎన్‌ఏ అంచనాకు ఉండదు. అయినా ఏటా వచ్చే మెరుగుదల ఎక్కువే. ఎందుకంటే ఆ లెక్కలో పైన ఎంపిక తీవ్రత, కచ్చితత్వం, జన్యు వైవిధ్యం ఉంటే, కింద భాగహారంలో తరాల మధ్య కాలం ఉంటుంది. కచ్చితత్వం కొంత తగ్గినా, కాలం మూడో వంతుకు దిగితే లాభమే. పంటల్లోనూ అంతే. ఒకే సంకరం నుంచి వచ్చిన మొలకలకు తల్లిదండ్రుల సగటు ఒక్కటే, కానీ ఏ మొలకకు ఏ జన్యువులు దక్కాయన్నది వేరు. వంశావళి చూసి ఆ తేడా చెప్పలేం, మార్కర్లు చూసి చెప్పగలం. నారు దశలోనే ఆకు ముక్క తీసి పరీక్షించి, మెరుగైన వాటినే పొలానికి పంపవచ్చు, లేదా దిగుబడి చూడకుండానే మరో సంకరానికి వాడవచ్చు.

ఇదంతా శిక్షణ సమూహం, అంటే మార్కర్లూ కొలతలూ రెండూ ఉండి మోడల్ నేర్చుకునే సమూహం, బాగున్నప్పుడే. అమెరికా పాడిమందల వెనుక దశాబ్దాల పాల రికార్డులు, పరీక్ష పూర్తయిన వేల ఆంబోతులు ఉన్నాయి. చిప్ వాటి మీద నిలబడింది. కొత్తవాళ్లు ఆ భాగం వదిలేసి చిప్ ఒక్కటే కొనడం చూస్తే నిజంగా బాధేస్తుంది. పొలంలో అజాగ్రత్తగా కొలిచిన దిగుబడిని ఎంత మంచి మోడలైనా బాగు చేయలేదు.

మోడల్‌ను పరీక్షించే తీరు మీద కూడా గట్టిగా ఉండండి. లైన్లన్నిటినీ (బ్రీడింగ్‌లో విడివిడిగా పెంచుతున్న మొక్కల వంశాలను) కలిపేసి అయిదు భాగాలుగా పంచి, నాలుగింటితో నేర్పి అయిదోదాని మీద పరీక్షిస్తే కచ్చితత్వపు అంకెలు చాలా అందంగా వస్తాయి. అప్పుడు మోడల్ చాలావరకు ఈ కుటుంబం మంచిది, ఆ కుటుంబం కాదు అని చెబుతోందంతే. మా దగ్గర ఒక కుటుంబాన్ని మొత్తంగా పక్కన పెట్టి, లేదా చివరి ఏడాదిని దాచిపెట్టి పరీక్షిస్తాం. అంకె ఒక్కసారిగా కిందికి దిగుతుంది. మీరు నమ్మాల్సింది ఆ దిగిన అంకెనే. తరం మారినకొద్దీ మార్కర్‌కూ అసలు జన్యువుకూ ఉన్న జత విడిపోతుంది కాబట్టి, ఒకసారి తయారు చేసిన మోడల్ ఎల్లకాలం పనికిరాదు. ప్రతి చక్రంలోనూ కొన్ని కొత్త లైన్లను కొలిచి మళ్లీ శిక్షణ ఇవ్వాలి.

చిన్న బడ్జెట్‌కు నాకు బాగా నచ్చిన పద్ధతి, అన్ని లైన్లనూ అన్ని చోట్లా వేయకపోవడం. లైన్లను స్థలాల మధ్య పంచి, ప్రతి కుటుంబం నుంచి కొన్ని ప్రతి చోటా ఉండేలా చూస్తే, లైన్ల మధ్య ఉన్న చుట్టరికమే ఆ స్థలాల కొలతలను కలిపి ఉంచుతుంది. అంతే ఖర్చుతో ఎక్కువ లైన్లు, ఎక్కువ వాతావరణాలు చూడవచ్చు.

అన్ని లక్షణాలకూ ఇది అక్కర్లేదు. వరి ముంపును తట్టుకోవడానికి సబ్1 లాంటి ఒకే పెద్ద జన్యుభాగం చాలినప్పుడు, కొన్ని మార్కర్లతో దాన్ని మంచి రకంలోకి దించుకుంటే సరిపోతుంది. దిగుబడి లాగా వందల చిన్న జన్యువులు కలిసి నడిపించే లక్షణాలకే జీనోమిక్ సెలక్షన్.

వేగంతో వచ్చే ప్రమాదం రక్తసంబంధం పెరగడం. 1962లో పుట్టిన పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే ఒక్క ఆంబోతు జన్యువులు అమెరికా హోల్‌స్టీన్ జీనోమ్‌లో దాదాపు 14 శాతం ఉన్నాయని అంచనా. దాని నుంచి ఏపాఫ్1 జన్యువులోని ఒక లోపం కూడా వ్యాపించింది. ఆ లోపం రెండు వైపుల నుంచీ వచ్చిన పిండం నిలవదు. ప్రపంచమంతటా 5 లక్షలకు పైగా గర్భస్రావాలు దీనివల్లే అని పరిశోధకులు లెక్కగట్టారు. బతికున్న పశువుల్లో ఆ భాగం రెండు కాపీలుగా ఎప్పుడూ కనబడకపోవడమే దాన్ని పట్టించింది, అదీ ఈ మార్కర్ల డేటాలోనే. అందుకే మొదటి చక్రం నుంచే ఒక్కో తల్లి, ఒక్కో తండ్రి వాటాకు పరిమితి పెట్టుకోండి.

మీ సంగతికి వస్తే, ఈ సీజన్‌లో కొలిచే ప్రతి లైన్ నుంచి ఆకు నమూనా తీసి, ఎండబెట్టి, పొలం నంబరుతో సహా దాచండి. స్థలాల మధ్య కొన్ని ఉమ్మడి లైన్లు తప్పకుండా వేయండి. కొలతలు నమ్మదగ్గవని తేలాక ఆ ఆకులను మార్కర్ల పరీక్షకు పంపవచ్చు, అప్పటికి బడ్జెట్ కూడా సర్దుకుంటుంది.