హనీమూన్ లెక్కలు: చిన్నీకి అత్త ఉత్తరం

చిన్నీ,

నువ్వు పంపిన పదిహేడు ఫొటోలూ చూశాను. అందులో పదకొండు మాల్దీవులవే. నీలం నీళ్ళు, చెక్క వంతెన, దాని చివర గడ్డి కప్పు గది. "అత్తా, ఎక్కడికి వెళ్ళమంటావ్?" అని కింద ఒక ప్రశ్న. ఫోన్ పక్కన పెట్టి ముందు వంటింట్లో తగిలించిన క్యాలెండర్ దించు. పెళ్ళి జూన్ చివర్లో, ప్రయాణం జూలై రెండో వారం. నీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

మనకి వానలు తెచ్చే నైరుతి గాలే మాల్దీవుల మీదుగా కూడా వీస్తుంది. అక్కడ మే నుంచి అక్టోబర్ దాకా ఆ కాలమే. రోజంతా కురవకపోవచ్చు, రేట్లు కూడా తగ్గుతాయి. కానీ నువ్వు పంపిన ఫొటోల్లో అద్దంలా ఉన్న సముద్రం డిసెంబర్ నుంచి ఏప్రిల్ మధ్యది. అదే జూలైలో బాలిలో వానలు తక్కువ. మారిషస్ భూమధ్యరేఖకి అవతలి పక్కన ఉంది కాబట్టి అక్కడ చలికాలం, తుపాన్ల భయం లేని కాలం. కాబట్టి నీ ముందున్నవి ఆ రెండే అనుకో. మాల్దీవులని మొదటి పెళ్ళిరోజు దాటాక ఏ ఫిబ్రవరిలోనో చూసుకోవచ్చు.

ఆషాఢం అని నానమ్మ గొణుగుతోందట కదా. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదన్నారు, మారిషస్ గడప సంగతి ఎవరూ చెప్పలేదు. ఆవిడతో నేను మాట్లాడతాను.

అయినా నీ మనసు ఆ చెక్క వంతెన మీదే ఉంటుందని తెలుసు గనక మా కథ చెప్తాను. మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి మీ మామయ్య ఒక ట్రావెల్ ఏజెంటు మాట నమ్మి మాల్దీవులు బుక్ చేశాడు. జనవరి నెల, వాతావరణం బంగారం. మా విమానం వాళ్ళ రాజధాని మాలేలో దిగేసరికి సాయంత్రం అయిదున్నర. రిసార్టుకి సీప్లేన్‌లో, అంటే నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో వెళ్ళాలి, అది పగటి వెలుతురులో తప్ప ఎగరదు. ఆ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న హుల్హుమాలేలో ఒక చిన్న హోటల్లో పడుకున్నాం. కిటికీ తెరిస్తే సముద్రం బదులు పక్కింటి ఏసీ డబ్బా, దాని నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు. మామయ్య సూట్‌కేసు మీద కూర్చుని నేను పట్టుకెళ్ళిన జంతికలు నములుతూ, "ఇదే మన వాటర్ విల్లా" అన్నాడు. అవతల రిసార్టులో ఖాళీగా ఉన్న గదికి ఆ రాత్రి అద్దె కూడా మేమే కట్టాం. ఎప్పటికైనా వెళ్తే మధ్యాహ్నం రెండులోపు దిగే విమానం పట్టుకో. లేదంటే మాలేకి దగ్గరగా, స్పీడ్ బోటులో వెళ్ళగలిగే రిసార్టు చూసుకో.

ఇంకొకటి. అక్కడ రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే ఆగు. పది శాతం సర్వీస్ ఛార్జీ, అది కలిపిన మొత్తం మీద 17 శాతం పన్ను. నూరు డాలర్ల భోజనం దాదాపు 129 అవుతుంది. రిసార్టులో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ వేరే. ద్వీపమంతా ఒకే రిసార్టు కాబట్టి బయట టిఫిన్ బండి ఉండదు, అలిగి వెళ్ళి తినడానికి ఇంకో చోటు లేదు. అందుకే అక్కడ గది కన్నా ముందు భోజనం ప్లాన్ చదవాలి.

భోజనం అన్నాను కాబట్టి అసలు సంగతికి వస్తాను. నువ్వు గుడ్డు కూడా ముట్టవు, ఆ అబ్బాయి చేప లేకపోతే అన్నం సహించదంటాడు. ఈ ఒక్క విషయంలో మీరిద్దరూ తేల్చుకోకుండా ఏ దేశం టికెట్టూ కొనొద్దు. మాల్దీవుల వాళ్ళ ఇంటి వంటలో ట్యూనా చేప లేని పూట అరుదు. పొద్దున్నే తినేది కూడా చేప, కొబ్బరి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపిన మాస్ హుని. అతనికి స్వర్గం. నీకు మాత్రం ఏ పూట చూసినా రిసార్టు బఫేలో పప్పు, రోటీ.

బాలిలో నీకు దొరికేవి ఎక్కువే. ఉడికించిన కూరగాయల మీద వేరుశనగ పచ్చడి పోసిన గాడో గాడో (గుడ్డు వేయొద్దని చెప్పు), సోయా గింజలు పులియబెట్టి చేసే టెంపే రెండూ రుచిగా ఉంటాయి. మోసం చేసేది వాళ్ళ సంబల్. చూడ్డానికి మన పండుమిరపకాయ పచ్చడిలా ఎర్రగా ఉంటుంది, అందులో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. నేను రెండు రోజులు లొట్టలేసుకుంటూ తిన్నాక తెలిసింది. మామయ్య అప్పటి నుంచి నన్ను శాకాహారి అనడం మానేశాడు. "తన్‌పా తెరాసి" అని చెప్పడం నేర్చుకో, తెరాసి వద్దని. జింబరాన్ బీచ్‌లో సాయంత్రం ఇసుకలోనే బల్లలు వేసి, కొబ్బరి పీచు నిప్పుల మీద చేపలు కాల్చి పెడతారు. ఆ పొగలో నువ్వు మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చోవచ్చు, అతను చేప సంగతి చూసుకుంటాడు. బాలికి వీసా అక్కడ దిగాక 5 లక్షల రుపయ్యాలు (మన రూపాయలు కావు, ఇండోనేషియా డబ్బు), పర్యాటకుల రుసుము ఇంకో లక్షన్నర రుపయ్యాలు. సున్నాలు చూసి కంగారు పడకు.

నన్ను అడిగితే నీకు సరిపడేది మారిషస్. మేం వెళ్ళినప్పుడు మొదటి రోజు పొద్దున రాజధాని పోర్ట్ లూయిస్‌లో మార్కెట్ దగ్గర ఒక బండి ముందు నిలబడ్డాం. అతను పల్చటి రొట్టెలు రెండు తీశాడు. లోపల శనగపప్పు లాంటి పసుపు పప్పు పొడి. బొబ్బట్టులో బెల్లం వేయడం మర్చిపోతే ఎలా ఉంటుందో అలా. వాటి మీద చిక్కుడు గింజల కూర, టమాటా కూర, మిరపకాయ పచ్చడి గరిటెతో రాసి, కాగితంలో చుట్టి చేతికిచ్చాడు. ధోల్ పూరీ అంటారు. రెండు చేతులా పట్టుకుని తినాలి, లేకపోతే కూర చీర మీదికి. నా ఆకుపచ్చ గద్వాల చీరకి ఆ మరక ఇప్పటికీ ఉంది. పక్క బండిలో గాతో పిమాన్. పేరు ఫ్రెంచిది, సరుకు మన మసాలా వడే, నిమ్మకాయంత. వెన్న రాసిన బ్రెడ్డు మధ్య పెట్టి తింటారు. దాహం వేస్తే సబ్జా గింజలు వేసిన పాలు, అలూదా. లగ్జరీ హోటల్లో తిన్నవేవీ నాకు గుర్తు లేవు, ఇవన్నీ గుర్తున్నాయి.

కాకినాడ దగ్గర మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి అక్కడి చెరకు తోటలకి పనికి పోయినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇంకా అక్కడ ఉన్నారు. ఉగాదికి ఆ దేశంలో సెలవు. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ మార్కెట్‌కి దగ్గరే. హనీమూన్‌లో అదెందుకంటావేమో. అరగంట పని, చూసి రా. మామయ్య అక్కడ మెట్ల దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడలేదు, వాళ్ళది కాకినాడ వైపు కదా.

హోటల్ తీసుకునేటప్పుడు తీరం చూసుకో. జూలైలో ఆగ్నేయం నుంచి గాలి కొడుతుంది, తూర్పు తీరంలో గొడుగు నిలవదు. పడమర వైపు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, లేదా ఉత్తరాన గ్రాండ్ బే మేలు. నీళ్ళు కాస్త చల్లగా ఉంటాయి, సాయంత్రాలకి స్వెట్టర్ పెట్టుకో. లగ్జరీ అన్ని రాత్రులకీ పంచకు. నాలుగు రాత్రులు మామూలు హోటల్లో ఉండి ఊరు తిరగండి. చివరి రెండు రాత్రులు మంచి రిసార్టు తీసుకుని గది దాటకండి. మొదట్లోనే పెద్ద గదికి పోతే పెళ్ళి అలసటకి నిద్రలోనే గడిచిపోతుంది, డబ్బు దండగ. కొత్త పెళ్ళివాళ్ళకి చాలా రిసార్టులు రాయితీ ఇస్తాయి, మ్యారేజ్ సర్టిఫికెట్ అడుగుతాయి. పెళ్ళైన వారంలోనే రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

టికెట్టు మాత్రం పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే తీసుకో. ముచ్చటపడి కొత్త ఇంటిపేరు పెట్టించావంటే ఎయిర్‌పోర్టులో ఏడవాల్సి వస్తుంది, మా బ్యాంకులో ఒకమ్మాయికి అదే జరిగింది. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని ముందే కొంత పన్ను పట్టుకుంటారు, రిటర్న్ వేసేటప్పుడు అది లెక్కలోకి వస్తుంది, రసీదు దాచు. కార్డు గీసినప్పుడు రూపాయల్లోనా, అక్కడి డబ్బులోనా అని మిషన్ అడుగుతుంది. అక్కడి డబ్బులోనే నొక్కు, రూపాయలంటే రేటులో కోత పెడతారు.

అబ్బాయితో మాట్లాడి తేదీలు పంపు, విమానాలు నేను చూస్తాను. ఇక్కడి నుంచి ముంబై వెళ్ళి అక్కడ మారాలి. మారిషస్ నుంచి వచ్చేటప్పుడు అక్కడి బ్వా షెరీ వాళ్ళ వెనిల్లా టీ రెండు ప్యాకెట్లు తీసుకురా. మామయ్యకి చెప్పకు, మళ్ళీ దాచుకుంటాడు.

మీ అత్త