డల్లాస్ ధర, గుంటూరు ధర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విదేశాల నుంచి వచ్చే సరుకుల ధరలపై ప్రశ్నలు పంపవలసిందిగా కోరినప్పుడు గుంటూరు, విజయవాడల నుంచే ఎక్కువ ఉత్తరాలు అందాయి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో తమ మనిషి ఒకరు లేని వీధి ఈ రెండు ఊళ్లలో అరుదు కాబట్టి, ధరలు పోల్చి చూడడం ఇక్కడ ఇంటింటి వ్యవహారమే. వచ్చినవాటిలో ఆరింటికి ఈ సంచికలో సమాధానం చెబుతున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 ప్రో విడుదలైనప్పుడు అక్కడ 999 డాలర్లు, ఇక్కడ 1,19,900 రూపాయలు అని చూసి, "36 వేలు దండగ ఎందుకు నాన్నా, నేను తెస్తాను" అన్నాడు, తెచ్చాడు కూడా. ఒకే ఫోనుకు ఇంత తేడా ఉండడం న్యాయమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, అప్పట్లో డాలరు 84 రూపాయల దరిదాపుల్లో ఉంది కనుక 999 డాలర్లంటే సుమారు 83,900 రూపాయలు. మీ అబ్బాయి గుణకారంలో తప్పు లేదు. అయితే అందులో ఒక పక్క పన్ను కలిసిన ధర, మరొక పక్క పన్ను కలవని ధర ఉన్నాయి. మన దేశంలో గరిష్ఠ చిల్లర ధర అన్ని పన్నులతో కలిపే ఉండాలి. అమెరికాలో అలా కాదు. అక్కడ దుకాణం అరల మీద కనిపించే అంకెకు ఆ రాష్ట్రపు అమ్మకం పన్ను బిల్లు దగ్గర తోడవుతుంది. ఆరెగన్, డెలావేర్ వంటి కొన్ని రాష్ట్రాల్లో ఆ పన్నే లేదు గాని, డల్లాస్‌లో అది 8.25 శాతం. అంటే మీ అబ్బాయి చెల్లించింది 999 కాదు, దాదాపు 1,081 డాలర్లు, రూపాయల్లో 90,800.

ఇప్పుడు ఇక్కడి ధరను విప్పి చూద్దాం. 1,19,900లో 18 శాతం జీఎస్టీ వాటాయే 18,290 రూపాయలు, అంటే పైకి కనిపించిన 36 వేల తేడాలో సగం. మిగిలిన సగంలో కస్టమ్స్ సుంకం ఒకటి. 2024 జూలై బడ్జెట్లో ఫోన్లపై మూల సుంకాన్ని 20 నుంచి 15 శాతానికి తగ్గించారు. దాని మీద సర్‌చార్జీ కలిపితే 16.5 అవుతుంది. ఇది దిగుమతి విలువ మీద పడుతుందే తప్ప దుకాణం ధర మీద కాదు. ఇక చివరిది చాలామంది పట్టించుకోని సంగతి. కంపెనీ ఒకసారి రూపాయల్లో ధర ప్రకటిస్తే నెలల తరబడి దానికే కట్టుబడి ఉంటుంది, రూపాయి మాత్రం అలా కట్టుబడి ఉండదు. ఆ రోజు 84 ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. ఆ జారుడుకు సరిపడా ఎడం ముందే పెట్టుకుని ధర కడతారు.

కాబట్టి నిజమైన తేడా 36 వేలు కాదు, 29 వేలు. అదీ తక్కువేమీ కాదు. అయితే 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకొని అమెరికాలో అమ్మే మోడళ్లలో సిమ్ కార్డు పెట్టే అరే ఉండడం లేదు, ఫోనులోనే ఇమిడి ఉండే ఈ-సిమ్ ఒక్కటే పనిచేస్తుంది. కార్డు తీసి పాత ఫోనులోకి మార్చుకునే అలవాటున్న పెద్దలకు ఇది ఇబ్బందే.

ప్రశ్న: కాలిఫోర్నియా బాదం పప్పు మా అమ్మాయి అక్కడి నుంచి తెస్తే చవకగా పడుతుంది, ఇక్కడ కొంటే ప్రియం. ఓడ ఖర్చు అంత ఎక్కువా?
– గృహిణి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఓడను నిందించకండమ్మా. ఒక కంటెయినరులో టన్నులకొద్దీ పప్పు వస్తుంది. సముద్ర ప్రయాణం కిలోకు కొద్ది రూపాయలకు మించదు. మీ పొట్లం మీద అసలు బరువు సుంకానిది. పెంకు తీసిన బాదం పప్పు మీద మన దేశం ధరలో ఇంత శాతం అని కాకుండా కిలోకు 100 రూపాయలని సుంకం కట్టింది. పెంకు తీయని కాయ మీదైతే కిలోకు 35 రూపాయలే. 2019 జూన్‌లో అమెరికాతో సుంకాల పంతం వచ్చినప్పుడు వీటిని 120కి, 41కి పెంచి, 2023 సెప్టెంబరులో తిరిగి పాత అంకెలకు తెచ్చారు.

ఈ రెండంకెల మధ్య ఉన్న సందులోనే మన బాదం వ్యాపారమంతా నడుస్తోంది. కిలో పప్పు రావడానికి కిలోన్నర కాయ పడుతుందనుకుంటే, దాని మీద సుంకం 52 రూపాయల 50 పైసలు. అదే కిలో పప్పును పప్పుగానే దించితే 100. పెంకు కొట్టే కూలి ఆ తేడాలో ఇమిడినంత కాలం కాయనే తెప్పించడం లాభం. అందుకే మనకు వచ్చే బాదంలో ఎక్కువ భాగం పెంకుతోనే ఓడ దిగుతుంది, ఢిల్లీలోని కరావల్ నగర్ వంటి పేటల్లో ఆడవారి చేతుల మీదుగా పప్పు అవుతుంది. మీరు గొల్లపూడి టోకు దుకాణంలో కొన్న పప్పు కాలిఫోర్నియా తోటలో పండి, ఢిల్లీ గల్లీలో పెంకు వదిలి, ఆ తరువాత లారీలో కృష్ణా తీరానికి వచ్చి ఉండవచ్చు. అమ్మాయి తెచ్చిన పొట్లానికి ఆ మజిలీలు లేవు, సుంకమూ పడలేదు, విమాన ఛార్జీని ఎవరూ లెక్కలో వేయలేదు.

కిలోకు ఇంతని స్థిరంగా ఉండే సుంకంలో ఇంకొక తిరకాసు ఉంది. కిలో 500 చేసే పప్పుకైనా, 800 చేసే మేలురకానికైనా కట్టవలసింది అదే 100. అంటే చవక రకం మీద అది 20 శాతం, ఖరీదైన రకం మీద 12న్నర శాతం. తక్కువ రకం కొనుక్కునేవారే నిష్పత్తిలో ఎక్కువ మోస్తున్నారన్నమాట. యాపిల్ మీద 50 శాతం సుంకం ఉండడంలో హిమాచల్, కాశ్మీరు రైతుల మేలు కొంతైనా కనిపిస్తుంది. దేశంలో బాదం పండేది కాశ్మీరు వైపు కాసింతే కనుక ఈ సుంకం రైతు కోసమనే కంటే ఖజానా కోసమని అనుకోవడమే నిజానికి దగ్గర అని నా అభిప్రాయం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎండుపండ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత పొట్లం మీది ధరనే ఇంకా అడుగుతున్నారేమో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: గన్నవరం నుంచి షార్జా వెళ్లి వచ్చేటప్పుడు అక్కడి విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొన్న సెంటు, ఆ షార్జా ఊళ్లోని మామూలు దుకాణంలో అంతకంటే తక్కువకే ఉందట. పన్ను లేని చోట ధర ఎలా ఎక్కువవుతుంది?
– వ్యాపారి, పటమట, విజయవాడ

జవాబు: ఆ దుకాణం పన్ను లేనిదే గాని లాభం లేనిది కాదు. యూఏఈలో కస్టమ్స్ సుంకం చాలా సరుకులపై 5 శాతం, 2018లో వచ్చిన వ్యాట్ ఇంకో 5 శాతం. అంత తక్కువ పన్ను ఉన్న దేశంలో పన్ను మినహాయింపు వల్ల మిగిలేదే కొద్దిగా, విమానాశ్రయంలో కొట్టు అద్దె దానిని సునాయాసంగా మింగేస్తుంది.

ప్రశ్న: పామాయిల్ మలేషియా, ఇండొనేషియాల నుంచి వస్తుందంటారు. మలేషియాలో పనిచేస్తున్న మా తమ్ముడు అక్కడ నూనె కారుచవక అంటాడు. ఇక్కడ మాత్రం ధర పెరిగినంత త్వరగా తగ్గదు. కారణం ఏమిటి?
– మిఠాయి దుకాణదారు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ తమ్ముడు చూసినది బహుశా అక్కడి ప్రభుత్వం రాయితీ మీద అమ్మించే కిలో ప్లాస్టిక్ సంచి అయి ఉంటుంది, దాని ధరను 2.50 రింగిట్లుగా స్థిరపరిచారు. అది బజారు ధర కాదు. పండే దేశం తన జనానికి నూనె చవకగా ఉంచాలనుకున్నప్పుడు కొనే దేశం ఏమవుతుందో 2022లో చూశాం. ఆ ఏడాది ఏప్రిల్ 28 నుంచి మే 23 వరకు ఇండొనేషియా పామాయిల్ ఎగుమతిని నిలిపివేసింది. సరుకు తమ దేశంలోనే నిలవాలన్నది వారి ఉద్దేశం. ఆ వేడి మన మూకుళ్ల దాకా తగిలింది.

ఇక మన వైపు సంగతి. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. రేవులో కిలో 90 రూపాయలకు దిగిన ముడి నూనె అనుకుంటే, దాని మీద సుంకం 5 రూపాయల లోపు నుంచి ఒక్కసారిగా 24 రూపాయల 75 పైసలకు చేరింది. నూనెగింజల రైతు కోసం చేసిన పని అది. తిరిగి 2025 మే నెలాఖరులో దానిని 16.5కు దించారు. పెంచిన మరుసటి పూటకే డబ్బా ధర పెరుగుతుంది, ఎందుకంటే వ్యాపారి రేపు కొనవలసిన సరుకు ధరను తలచుకుని ఈ రోజు సరుకు అమ్ముతాడు. తగ్గించినప్పుడు మాత్రం పాత సుంకం కట్టిన నిల్వ అయిపోవాలని చెబుతాడు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది; రెండూ అతనికే కలిసి రావడం మన కర్మ.

మరొక చిన్న మాట. మీరు 15 కిలోల డబ్బా కొంటారు, మీ ఇంట్లో లీటరు పొట్లం కొంటారు. పొట్లం మీద 1 లీటరు అన్న చోట పక్కనే 910 గ్రాములని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దేశాల ధరలు పోల్చేటప్పుడు లీటరును కిలోగా లెక్కవేస్తే అక్కడే 9 శాతం తేడా వచ్చేస్తుంది.

ప్రశ్న: బీసెంట్ రోడ్డు ప్రాంతంలో ఒక దుకాణంలో విదేశీ చాక్లెట్లు మాల్‌లో కంటే తక్కువకు దొరుకుతున్నాయి. కొనవచ్చా?
– కళాశాల విద్యార్థిని, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: పొట్లాన్ని వెనక్కి తిప్పి చూడమ్మా. సక్రమంగా దిగుమతి అయినదైతే విదేశీ ముద్రణ మీద ఒక తెల్ల చీటీ అతికించి ఉంటుంది. అందులో దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశపు సరుకన్నది, రూపాయల్లో గరిష్ఠ ధర, ఆహార భద్రతా సంస్థ లైసెన్సు సంఖ్య, ఆకుపచ్చ చుక్క లేదా మాంసాహార గుర్తు ఉండాలి. ఆ చీటీ లేదంటే అది ఎవరి పెట్టెలోనో సామానుగా వచ్చి చేతులు మారిన సరుకు. సుంకం పడలేదు కనుకే చవక. గడువు తేదీ అరబీలోనో టర్కీ భాషలోనో ఉంటే చదవలేవు, రుచి మారితే అడగడానికి ఒక చిరునామా ఉండదు. నేనైతే పది రూపాయలు ఎక్కువైనా చీటీ ఉన్నదే కొంటాను.

ప్రశ్న: మా కోడలి పురిటికి వెళ్లి ఆరు నెలలు డల్లాస్‌లో ఉన్నాను. అక్కడి ఇండియన్ స్టోరులో మన గుంటూరు కారం పొట్లం ధర చూసి గుండె ఆగినంత పనైంది, ఇక్కడికి నాలుగైదు రెట్లు ఉంది. మిర్చి యార్డులో రైతుకు ధర రాదు, అక్కడ ఇంత పలుకుతోంది. మధ్యలో ఎవరు తింటున్నారు?
– గృహిణి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే విదేశీ సరుకు అన్న మాటను ఇది తిరగేసి చూపిస్తుంది. డల్లాస్ వారికి మన తేజ రకం మిరప కూడా దిగుమతి సరుకే.

యార్డులో టిక్కీ (బస్తా) కాయ అమ్ముడైన దగ్గర నుంచి నడుద్దాం. తాలు కాయ ఏరాలి. గుంటూరు చుట్టుపక్కల షెడ్లలో ఆడవాళ్లు వరుసగా కూర్చుని తొడిమలు తుంచుతారు. కాయ శీతల గిడ్డంగిలో నిలవ ఉంటుంది, మర ఆడుతుంది, బూజు విషం పరిమితిలో ఉందని పరీక్షలో తేలాలి. అంతవరకూ ఖర్చులన్నీ రూపాయల్లోనే. ఓడ ఎక్కిన తరువాత ప్రతి ఖర్చూ డాలర్లలోకి మారిపోతుంది. అమెరికా ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి మారలేదు, టెక్సస్‌లోనూ అదే చెల్లుతుంది. అంటే ఆ దుకాణంలో పొట్లాలు సర్దే కుర్రవాడి ఒక గంటకు అతి తక్కువ కూలి 600 రూపాయల పైమాటే. మన కిరాణా కొట్టులో ఒక మనిషి రోజంతా నిలబడితే వచ్చేదానికి అది ఎంతో దూరం కాదు. గిడ్డంగి అద్దె, లారీ డ్రైవరు జీతం, దుకాణానికి చలిమర కరెంటు, అమ్ముడుపోక గడువు దాటిపోయే పొట్లాలు, అన్నీ ఆ కొలతలోనే ఉంటాయి.

కాబట్టి మధ్యలో ఒకరే కూర్చుని తింటున్నారని చెప్పలేము. ఎక్కువ భాగం డల్లాస్ ఊరే తింటోంది. రైతు మిరపను ఉచితంగా ఇచ్చినా ఆ పొట్లం ధర అక్కడ పెద్దగా దిగదు. యార్డులో క్వింటాలుకు రెండు వేలు పెరిగినా అక్కడ పెద్దగా ఎక్కదు, ఎందుకంటే క్వింటాలుకు రెండు వేలంటే కిలోకు 20 రూపాయలు, డాలరులో పావు వంతుకూ రాదు. యార్డులో ధర పడిపోయిన ఏడాది కూడా మీ కోడలు అదే ధర ఇస్తుంది. ఇందులో మన రైతుకు బాధ కలిగించే సంగతి అదే.

ఈసారి వెళ్లేటప్పుడు ఇంట్లో ఆడించిన కారం తీసుకెళ్లవచ్చు. పొడి మసాలాలను సాధారణంగా అనుమతిస్తారు గాని, విమానాశ్రయంలో అడిగినప్పుడు ఉన్నాయని చెప్పాలి. కరివేపాకు మాత్రం పెట్టెలో పెట్టకండి. అది నిమ్మ జాతి మొక్క కాబట్టి, వారి నారింజ తోటలకు పురుగు వస్తుందన్న భయంతో పచ్చిదైనా ఎండుదైనా లాగేసుకుంటారు. అక్కడ కరివేపాకు ప్రియంగా ఉండడానికి కూడా ఆ నిషేధం ఒక కారణం.