కొండను మ్యాపుల్లో చదివించాలంటే

అమ్మా,

హిమాలయాల పాఠం ఈ ఏడు నీ చేతికి వచ్చిందనీ, మ్యాపులతో చెబుదామనుకుంటున్నాననీ రాశావు. చాలా సంతోషం. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు కదా, నాకు తోచినవి చెబుతాను. కొన్ని నీ పుస్తకంలోని క్రమానికి ఎదురు వెళతాయి. వెళ్ళనీ.

ముందు ఒక మాట. రాళ్ళు ఒక పాఠం, పొలాలూ అడవులూ ఇంకో పాఠం అని విడదీయకు. పుస్తకం అలాగే విడదీస్తుంది. మొదట శివాలిక్ కొండలు, మధ్య హిమాలయాలు, ఉన్నత హిమాలయాలు అని పేర్లు వస్తాయి, మెట్ల సేద్యం ఎక్కడో వెనక అధ్యాయాల్లో వస్తుంది. అక్కడికి చేరేసరికి పిల్లలు మొదటిది మరిచిపోతారు. రాయినీ పొలాన్నీ ఒకే రోజు, ఒకే బల్ల మీద, ఒకదాని మీద ఒకటి పరిచి చూపించు. రెంటికీ మధ్యన వాలును చూపించే కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఉండాలి. మూడూ ఒకచోట ఉంటేనే "ఈ ఊరు ఇక్కడే ఎందుకుంది?" అని అడగగలవు. నువ్వు చెప్పాల్సిన పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

హిమాలయాలన్నిటినీ చెప్పాలని చూడకు. దాదాపు 2,400 కిలోమీటర్ల పొడవున్న పర్వతాలవి. గోడకు పెద్ద మ్యాపు తగిలించి కర్రతో చూపిస్తూ పోతే పేర్లు తప్ప ఏమీ మిగలవు. దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక్క దారి పట్టుకో. నన్నడిగితే ఉత్తరాఖండ్ తీసుకోమంటాను. తరాయి మైదానంలో బయల్దేరి, శివాలిక్ కొండలు దాటి, డెహ్రాడూన్, ముస్సోరీ చూసి, అలకనంద లోయ వెంట జోషీమఠ్ దాకా వెళ్ళు. ఆ దారి పూర్తయ్యేలోపు మెత్తని ఇసుకరాయి, సున్నపురాయి, పలకరాయి, గట్టి నైస్ రాయి అన్నీ ఎదురవుతాయి. నేల వాడకం కూడా రాయితోపాటు మారిపోతూ ఉంటుంది.

మ్యాపులకు ఖర్చేమీ అక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ టోపోషీట్లు (కాంటూర్లు, నదులు, ఊళ్ళు చూపించే మ్యాపులు) ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. జియాలజికల్ సర్వే వాళ్ళ మ్యాపులు భూకోశ్ పోర్టల్‌లో, ఇస్రో వాళ్ళ భూ వినియోగ మ్యాపులు భువన్‌లో ఉన్నాయి. మ్యాపులకన్నా ముఖ్యంగా కావాల్సింది ట్రేసింగ్ పేపరు. అది మాత్రం ఎక్కువగా తెప్పించుకో.

మొదటి రెండు క్లాసులూ కాంటూర్లకే పెట్టు. తొందరపడకు, ఇక్కడ గట్టిపడకపోతే తరవాత చెప్పేదంతా గాలికి పోతుంది. "గీతలు దగ్గరగా ఉంటే నిటారు, దూరంగా ఉంటే చదును" అని అప్పజెప్పించి వదిలెయ్యకు, లెక్క కట్టించు. 1:50,000 స్కేలులో మ్యాపు మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. షీటు మీద కాంటూర్ అంతరం, అంటే పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా, 40 మీటర్లనుకో. రెండు గీతల మధ్య ఒక మిల్లీమీటరే ఉంటే, 50 మీటర్లు నడిచేసరికి 40 మీటర్లు ఎక్కాలి. అంటే 39 డిగ్రీల వాలు. అదే నాలుగు మిల్లీమీటర్లుంటే వాలు 11 డిగ్రీలే. ఈ రెంటిలో ఎక్కడ మెట్ల పొలం కడతావని అడుగు. మొదటిచోట మడి వెడల్పుకు దాదాపు సమానంగా గోడ ఎత్తు వస్తుందని పిల్లలే చెబుతారు.

తరవాత అడ్డుకోత, అంటే కొండను నిలువునా కోస్తే పక్కనుంచి కనిపించే బొమ్మ, గీయించు. మ్యాపు మీద ఒక సరళరేఖ, దాని వెంట ఒక కాగితం ముక్క అంచు పెట్టి, కాంటూర్ తగిలిన ప్రతిచోటా పెన్సిల్‌తో చిన్న గుర్తు, పక్కన ఎత్తు. ఆ ముక్కను గ్రాఫ్ కాగితం అడుగున పెట్టి ఎత్తులు ఎక్కిస్తే కొండ లేచి నిలబడుతుంది. పిల్లల మొహాలు వెలిగేది అప్పుడే. అయితే ఒక జాగ్రత్త తీసుకో. అడ్డంగా సెంటీమీటరుకు 500 మీటర్లు, నిలువుగా సెంటీమీటరుకు 100 మీటర్లు పెడితే ఎత్తు ఐదు రెట్లు సాగుతుంది. నిజానికి 30 డిగ్రీలున్న వాలు కాగితం మీద 71 డిగ్రీలు కనిపిస్తుంది. ఎన్ని రెట్లు సాగదీశారో బొమ్మ కింద రాయకపోతే మార్కులు వెయ్యకు. పైగా రాతి పొరల వాలు కూడా అందులో గీసేటప్పుడు, సాగదీసిన బొమ్మలో అసలు కోణం పెడితే తప్పు బొమ్మ వస్తుంది. పొరలు గీయించదలిస్తే రెండు వైపులా ఒకే స్కేలు వాడించు. కొండ పొట్టిగా కనబడినా ఫరవాలేదు.

ఇప్పుడు రంగుల సంగతి. ఇది చిన్న విషయమనుకోకు, పిల్లలు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. టోపోషీట్ మీద పచ్చరంగు అడవి, పసుపు సాగునేల. జియాలజీ మ్యాపు మీద రంగు రాతి పొర వయసునో జాతినో చెబుతుంది. అంతర్జాతీయ పద్ధతిలో పచ్చరంగు డైనోసార్లున్న క్రెటేషియస్ కాలానిది, పసుపు అంతకన్నా చాలా తరవాతి పొరలది. అక్కడి పచ్చకీ చెట్లకీ ఏ సంబంధమూ లేదు. రాయి అసలు రంగుకీ, గట్టిదనానికీ కూడా లేదు. ఏ మ్యాపు తీసినా ముందు సూచిక పెట్టెను గట్టిగా చదివించాకే మ్యాపు మీద చెయ్యి పెట్టనివ్వు.

ఇక అసలు పని. టోపోషీట్ మీద ట్రేసింగ్ పేపరు పెట్టి నదులు, వెడల్పు కాంటూర్ల చోట్లు గీయించు. దాన్ని జియాలజీ మ్యాపు మీదికి మార్చి రాతి సరిహద్దులు గీయించు. ఇప్పుడు భూ వినియోగ మ్యాపు చూపించకుండా, "అడవి ఎక్కడుంటుంది, పొలం ఎక్కడుంటుంది, ఊరు ఎక్కడుంటుంది, పెన్సిల్‌తో గుర్తు పెట్టండి" అను. ముందు ఊహ, తరవాత నిజం. ఈ వరస తిరగబడితే పిల్లలు ఆలోచించడం మానేసి కాపీ కొడతారు.

దీనికి కొండ పాదాలే తేలిక, అక్కడే మొదలుపెట్టు. శివాలిక్‌ల కింద భాబర్ అనే పట్టీ ఉంది, వెడల్పు సుమారు 8 నుంచి 16 కిలోమీటర్లు. కొండ దిగిన ఏరులు మోసుకొచ్చిన బండరాళ్ళూ గులకరాళ్ళూ పరుచుకున్న నేల అది. నీళ్ళు వాటి సందుల్లోకి ఇంకిపోతాయి. షీటు మీద నీలంగా వచ్చిన ఏరు అక్కడ నల్లగీతల మధ్య ఎండిన ఇసుక పట్టీ అయిపోతుంది. ఇంకా దిగువన సన్న మట్టి ఉన్న తరాయిలో అదే నీరు మళ్ళీ పైకి ఊరుతుంది. ఒకప్పుడు చిత్తడి అడవి, ఇప్పుడు చాలావరకు నరికి సాగు చేసిన వరి, చెరకు పొలాలు. భాబర్‌లో అడవి ఎందుకు మిగిలిందో, తరాయిలో పొలాలు ఎందుకు వచ్చాయో నీలంగీత ఎక్కడ మాయమై ఎక్కడ తేలిందో చూసి పిల్లలే చెప్పేస్తారు. నువ్వు నోరు విప్పక్కర్లేదు.

ముస్సోరీ దగ్గర సున్నపురాయి. అక్కడ ఒకే రాయి మీద మూడు అవసరాలు తగువులాడుకున్నాయి. గనివాళ్ళకు రాయి కావాలి, కొండకు అడవి కావాలి, కింది డూన్ లోయకు ఆ రాతి పగుళ్ళలోంచి వచ్చే ఊటనీళ్ళు కావాలి. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1985లో కోర్టు అక్కడి గనులు చాలా మూయించింది. భూ వినియోగం అంటే పంటల పట్టిక మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇంకా లోపలికి వెళ్ళాక పలకరాయి, దానికి దగ్గరిదైన ఫిల్లైట్ రాయి ఉన్న చోట వాలు మెత్తబడుతుంది, మట్టి పేరుకుంటుంది, మెట్ల పొలాలు కనిపిస్తాయి. క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి రాగానే కొండ గోడలా నిలబడుతుంది, పొలం ఆగిపోతుంది. పొరలు ఎటు ఒరిగాయో చెప్పే గుర్తునూ ఇక్కడే నేర్పు. చిన్న గీత, దానికి అడ్డంగా ఒక ముల్లు, పక్కన డిగ్రీలు. లోయకు ఒక ఒడ్డున పొరలు నది వైపుకు ఒరిగి ఉంటే, రోడ్డు కోసం వాటి కాలు నరికినప్పుడు పై పొర జారుతుంది. ఎదుటి ఒడ్డున అవే పొరలు కొండలోపలికి ఒరిగి ఉంటాయి కాబట్టి అంత తేలిగ్గా జారవు. రోడ్డు ఏ ఒడ్డున వెయ్యాలో పిల్లల్ని తేల్చమను, వాదించుకోనివ్వు.

ఇక్కడిదాకా వచ్చేసరికి పిల్లలు ప్రతిదానికీ రాయే కారణమనడం మొదలుపెడతారు. అప్పుడు వాళ్ళను ఆపాలి. ఒకే రాయి ఉన్న కొండకు దక్షిణపు వాలు ఎండ తగిలి పొడిగా, ఉత్తరపు వాలు చల్లగా చెమ్మగా ఉంటుంది. ఒకపక్క పొలాలు, ఇంకోపక్క దట్టమైన అడవి కనిపిస్తాయి. అలాంటి కొండ ఒకటి వెతికి "రాయి ఒకటే కదా, మరి ఈ తేడా ఎందుకు?" అని అడిగితే చాలు.

జోషీమఠ్‌ను చివరికి ఉంచుకో, దానికి ఒక క్లాసంతా ఇవ్వు. దక్షిణాన హేలంగ్ దగ్గర మెయిన్ సెంట్రల్ థ్రస్ట్, అంటే ఒకవైపు రాళ్ళు ఇంకోవైపు రాళ్ళ మీదికి నెట్టుకొచ్చిన పెద్ద పగులు, లోయను దాటుతుంది. అక్కణ్ణుంచి పైకి నైస్ లాంటి గట్టి రాళ్ళు, ఇరుకు లోయ, కిక్కిరిసిన కాంటూర్లు. వాటి మధ్య జోషీమఠ్ దగ్గర మాత్రం గీతలు విచ్చుకుంటాయి. "ఇక్కడ ఊరు ఉంటుంది" అని పిల్లలు గుర్తు పెడతారు, అక్కడ నిజంగానే ఊరుంది. శభాష్ అని, వెంటనే రెండో ప్రశ్న వెయ్యి: చుట్టూ అంత నిటారుగా ఉంటే ఇక్కడొక్కచోటే వాలు ఎందుకు మెత్తగా ఉంది? పాత కొండచరియ ఎప్పుడో విరిగిపడి, ఆ మట్టీ రాళ్ళూ అక్కడ పేరుకోవడం వల్ల. ఊరికి చోటిచ్చింది ఆ శిథిలమే, ఊరిని కదిలిస్తున్నదీ అదే. 1976లోనే ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ ఈ సంగతి చెప్పి, బరువైన కట్టడాలు వద్దంది. 2023 జనవరిలో వందల ఇళ్ళు బీటలు వారాయి. దానికి కట్టడాల బరువు, సరైన మురుగుకాలువలు లేకపోవడం, అడుగున నది కోత అన్నీ తోడయ్యాయని కూడా చెప్పు. ఒక్క కారణంతో ముగించకు.

అక్కడే మ్యాపు పరిమితిని కూడా చూపించు. చిన్న స్కేలు జియాలజీ మ్యాపులు సాధారణంగా అడుగునున్న గట్టి రాతినే చూపిస్తాయి, పైన పేరుకున్న వదులు మట్టిని వదిలేస్తాయి. 1:2,50,000 మ్యాపులో అర మిల్లీమీటరు గీత అంటే నేల మీద 125 మీటర్ల వెడల్పు. దాన్ని పెద్దది చేసి టోపోషీట్ మీద పెట్టి "ఈ ఇల్లు ఈ రాయి మీద, ఆ ఇల్లు ఆ రాయి మీద" అనడం కుదరదు. పిల్లలు అలా అంటే ఒప్పుకోకు.

టైముంటే ఆనకట్ట నీళ్ళలో మునిగిన పాత టెహ్రీ ఊరి సంగతి చెయ్యి. 2005కు ముందు సర్వే చేసిన షీటు మీద భాగీరథి, భిలంగనా కలిసేచోట ఊరు, నది ఒడ్డున చదును పొలాలు ఉంటాయి. ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో అక్కడ జలాశయం. కొత్త టెహ్రీ కొండ పైకి వెళ్ళింది. మునిగిన పొలాల వాలునూ, కొత్త ఊరి వాలునూ కొలిపించు. షీటు అంచున సర్వే చేసిన సంవత్సరం చూసే అలవాటు కూడా దీంతోనే పడుతుంది.

పరీక్షకు పేర్లూ ఎత్తులూ అడగొద్దు. క్లాసులో చూడని లోయ ఒకటి తీసుకుని, ఊళ్ళూ పొలాలూ చెరిపేసిన కాంటూర్ మ్యాపు, రాళ్ళ మ్యాపు ఇచ్చి, ఊరు పెట్టమను, ఆ చోటే ఎందుకో ఐదు వాక్యాల్లో రాయమను. చోటు తప్పినా కారణం సరిగ్గా ఉంటే మంచి మార్కులు వెయ్యి. ఆ ప్రశ్నకు ఏ లోయ ఎంచుకున్నావో షీటు నంబరుతో సహా నాకు రాయి. నేనూ ఒకసారి పెన్సిల్ పెట్టి చేసి, పిల్లలకు ఎంత టైము పడుతుందో చెబుతాను.

ఆశీస్సులతో,
మాస్టారు