కోబాట్‌కు నోటితో చెప్పాలా, చేయి పట్టి చూపాలా?

కోబాట్ (మనుషుల పక్కనే పనిచేసేలా చేసిన రోబో చేయి) పక్కన నిలబడే కార్మికుడు దానితో మాటతో సంభాషించాలా, సైగతోనా, తెర మీదనా అని ఒకరు అడిగారు. గాజువాక ఆటోనగర్‌లోని ఒక విడిభాగాల యూనిట్‌లో మూడేళ్లుగా అలాంటి యంత్రం పక్కనే పనిచేస్తున్నాను. నా అనుభవంలో దాని చేయి పట్టి నడిపించి చూపడాన్ని మించిన పద్ధతి లేదు; మాటతో ఆజ్ఞాపించడం ప్రదర్శనలకే పనికివస్తుంది.

మాటలు వినే పరికరాన్ని అమ్మజూపడానికి ఒకసారి కొందరు వచ్చారు. సమావేశ గదిలో అది చెప్పినట్లల్లా విన్నది. షాపులోకి తెచ్చాక, పక్క బెంచీ మీద గ్రైండర్ మోగుతుండగా, మా సీనియర్ ఫిట్టరు గారు మూడుసార్లు "స్టాప్" అని అరిచినా ఆయన యాస దానికి ఎక్కలేదు. ఆయన విసిగి అరచేతిని అడ్డం పెట్టగానే కోబాట్ ఠక్కున ఆగింది. తగిలిన బలాన్ని గుర్తించి ఆగడం ఇటువంటి యంత్రాల స్వభావం. శరీరంలో ఏ భాగం ఎంత బలాన్ని తట్టుకోగలదో 2016 నాటి ఐఎస్ఓ/టీఎస్ 15066 అనే అంతర్జాతీయ భద్రతా పత్రం పట్టికగా ఇచ్చింది. అయితే కోబాట్ చేతి కొసన పదునైన పనిముట్టు ఉన్నప్పుడు ఎవరూ అలా చేయి పెట్టకూడదు, ఎర్ర ఎమర్జెన్సీ బటన్‌నే నొక్కాలి.

ఆ మధ్యాహ్నమే ఆయన టీచ్ పెండెంట్ (కోబాట్‌కు పని నేర్పే, చేతిలో పట్టుకునే తెర) వెనుకనున్న బటన్‌ను నొక్కి పట్టుకొని, పిల్లవాడి చేత పలక మీద ఓనమాలు దిద్దించినట్లు, కోబాట్ చేతిని ట్రే నుంచి ఫిక్చర్ (భాగాన్ని బిగించి ఉంచే అమరిక) దాకా నడిపించి, మలుపు మలుపుకూ ఒక పాయింట్ సేవ్ చేయించారు. క్లాంపు పిడి బయటికి తెరుచుకునే చోట నాలుగు అంగుళాలు పైకి ఎత్తి తిప్పారు. ఇంజనీర్లు తెర మీద రాసిన ప్రోగ్రాములో అదే పిడికి కోబాట్ రెండుసార్లు తగిలింది. ఏడో తరగతితో చదువు మానేసిన ఆయనకు ఈ పనంతటికీ పట్టినది పావుగంట.

తెర సంగతి చెప్పనే అక్కరలేదు. మందపాటి గ్లౌజులకు అది పలకదు, గ్లౌజు తీస్తే విశాఖ ఉక్కకు వేళ్లు చెమటతో జారతాయి, పైగా హెచ్చరికలన్నీ ఆంగ్లంలోనే. "ప్రొటెక్టివ్ స్టాప్" (భద్రత కోసం తనంతట తాను ఆగడం) అని కనబడితే యంత్రం పాడైందనుకొని రెండో షిఫ్టువారు పని ఆపి కూర్చున్న రాత్రులున్నాయి. చివరికి మేమే తెలుగులో అర్థాలు రాసి పెండెంట్ పక్కన అంటించుకున్నాము.

ఎవరూ అడగని ప్రశ్న మరొకటుంది: తాను చేయబోయేది కోబాట్ మనకు ఎలా చెబుతుంది? పచ్చదీపం నడుస్తున్నదని చెబుతుందే గాని, ఎటు కదలబోతున్నదో చెప్పదు. అందుకే ట్రే మీదకు దిగే ముందు ఒక సెకను నిలిచేలా ఫిట్టరు గారు ప్రోగ్రాములో "వెయిట్" (కాసేపు ఆగు) అనే ఆజ్ఞ పెట్టించారు. ఆ నిలుపు చూసి మేము చేతులు వెనక్కి తీసుకుంటాము. సైకిల్ టైమ్ (ఒక్కో విడత పనికి పట్టే సమయం) పెరిగిందని ప్లానింగ్ వారు ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు.