గోరుకు తగిలిన గాడి: తూటాల గురించి రాయదలచిన యువ రచయితకు ఒక లేఖ

రచయిత మిత్రులకు,

నమస్కారం. మీరు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చి, జవాబు రాయకుండా పక్కన పెట్టేద్దామనుకున్నాను. రెండోసారి చదువుతుండగా నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "కేసు అడుగున, ప్రైమర్ చుట్టూ, గోరుతో తడిమితే తెలిసే సన్నని గాడి ఒకటి గుండ్రంగా ఉంది" అని రాశారు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసం రాస్తున్నాను. ఖాళీ కేసును, అంటే గుండు పోయాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని, చేతిలోకి తీసుకున్నవాళ్లలో చాలామంది అడుగున, దెబ్బకు మందును అంటించే బిళ్ల అయిన ప్రైమర్ పక్కన ఉన్న అక్షరాలను చదివి వదిలేస్తారు. మీరు గోరుతో తడిమి చూశారు.

అయితే ఆ వెంటనే మీరేం చేశారో చూడండి. తర్వాతి వాక్యంలోనే దాన్ని "పాతకాలపు 8 మి.మీ. మౌజర్ తూటా" అని తేల్చేసి, ఆ మీదట ఆరు పేజీలు జర్మనీ తుపాకుల తయారీదారులైన మౌజర్ సోదరుల జీవితానికీ యుద్ధాలకూ ఇచ్చేశారు. ఆ గాడి మళ్లీ ఎక్కడా కనబడలేదు. నాకు కోపం తెప్పించింది ఇదే. చూడలేనివాడి తప్పును క్షమించవచ్చు గాని, చూసి కూడా చూసినదాన్ని చేజార్చుకున్నవాడిని నిలదీయకుండా ఉండలేను.

మౌజర్ కేసు పొడవు 57 మి.మీ. దాని అంచు కేసు ఒంటిని దాటి బయటికి రాదు; అంచుకు పైన చుట్టూ కోసిన పల్లంలో రైఫిల్ కొక్కెం పడి, పేలిన కేసును బయటికి లాగుతుంది. మీరు జత చేసిన ఫొటోలో కేసు అంచు వెడల్పుగా బయటికి కనబడుతోంది, పక్కన పెట్టిన స్కేలు ప్రకారం పొడవు 50 మి.మీ. దగ్గర ఉంది. మీ ఫొటోయే మీ మాటను కాదంటోంది. మీ చేతిలో ఉన్నది, నా అంచనా ప్రకారం, 1886లో ఫ్రాన్స్ సైన్యం చేపట్టిన లెబెల్ రైఫిల్ తూటా కేసు. పొగరాని మందుతో ఒక సైన్యం చేపట్టిన మొట్టమొదటి రైఫిల్ తూటా అదే. దాన్ని తొందరలో, అప్పటికే వాడుకలో ఉన్న 11 మి.మీ. గ్రా రైఫిల్ కేసును సన్నబరిచి తయారు చేశారు. అందుకే అడుగు అంత లావుగా ఉండి, ఒళ్లు అంచెలంచెలుగా సన్నబడుతుంది.

ఇక మీరు విడిచిపెట్టిన గాడి సంగతి. లెబెల్ రైఫిల్లో తూటాలు నాళం కింద ఉండే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా కూర్చుంటాయి, కనుక వెనక తూటా మొన ముందు తూటా అడుగుకు ఆనుతుంది. మొదట్లో గుండు ముక్కు చదునుగా ఉండేది. 1898లో మొనదేలిన గుండు వచ్చాక, ఆ మొన నేరుగా ముందున్న ప్రైమర్‌కు తగిలితే, రైఫిల్ పేలిన కుదుపుకు గొట్టంలోనే ఇంకో తూటా పేలే ప్రమాదం ఏర్పడింది. అడుగు లావుగా, ఒళ్లు ఏటవాలుగా ఉండటం వల్ల తూటా గొట్టంలో కాస్త వాలి ఉంటుంది, దాని మొన ముందు తూటా అడుగు మధ్యన పడకుండా పక్కకు పడుతుంది. అక్కడే దాన్ని పట్టి నిలపడానికి ఆ గాడి. గోరుకు తగిలిన ఆ చిన్న పల్లంలో రైఫిల్ కట్టుబడి అంతా ఉందని మీకు తెలిసి ఉంటే, ఆ ఆరు పేజీలూ వేరుగా రాసి ఉండేవారు.

"నా అంచనా ప్రకారం" అని ఎందుకన్నానంటే, 8×50 ఆర్ (8 గుండు వ్యాసం, 50 కేసు పొడవు, ఆర్ అంటే బయటికి వచ్చిన అంచు) అని రాయదగిన తూటాలు రెండున్నాయి. ఆస్ట్రియా సైన్యపు మాన్‌లిఖర్ తూటా కూడా 8 మి.మీ., దానికీ అంచు ఉంది, దాని కేసూ 50 మి.మీ. పొడవే. కాని లెబెల్ అంచు అడ్డంగా 16 మి.మీ. దాకా ఉంటే, మాన్‌లిఖర్ అంచు 14 దగ్గరే ఆగుతుంది. గాడి ఉంది కనుక లెబెల్ అనుకుంటున్నాను. అంచు కొలిచి ఉంటే అనుకోవలసిన పని ఉండేది కాదు. పన్నెండు పేజీల వ్యాసంలో వెర్నియర్ కాలిపర్‌తో తీసిన కొలత ఒక్కటీ లేదు. కేసు పొడవు, అంచు వ్యాసం, అంచు మందం, అంచుకు పైన ఒంటి వ్యాసం, భుజం, గుండును పట్టి ఉంచే మెడ, గుండు ఉంటే గుండు వ్యాసం, మొత్తం పొడవు: ఇవి రాసుకున్న తర్వాతే పేరు గురించి ఆలోచించాలి. నలభై ఏళ్లుగా నేను చెబుతున్నది ఇదొక్కటే, మీకూ ఇదే చెబుతాను. ముందు కొలవండి, తర్వాత వర్ణించండి, అడుగు ముద్రను అన్నిటికన్నా చివర చదవండి.

ముద్ర అబద్ధం చెబుతుందని కాదు, మనం అడగని ప్రశ్నకు జవాబు చెబుతుంది. మీ రెండో తూటా అడుగున ఉన్న 480 సి అనే అంకెను చూసి అది కాలిబర్ (గుండు వ్యాసపు కొలత) అయి ఉండవచ్చని రాశారు. అది జర్మనీకి చెందిన డి.డబ్ల్యూ.ఎం. కంపెనీ తన కేసులకు ఇచ్చుకున్న వరస సంఖ్య. 480 సి అంటే మనమందరం ఎరిగిన 9 మి.మీ. పారాబెల్లమ్ పిస్తోలు తూటా. అలాగే 1877 నుంచి అమెరికాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధాగారం కేసుల మీద ఆర్, ఎఫ్, 3, 81 అని కొట్టి ఉంటే, అది రైఫిల్ తూటా అనీ, ఫ్రాంక్‌ఫర్డ్‌లో 1881 మార్చిలో తయారైందనీ అర్థం. సోవియట్ కేసు మీద 539 అంటే తూలా కర్మాగారం. దాని కింద సంవత్సరం ఉండవలసిన చోట ఒక్క రష్యన్ అక్షరమే ఉంటే కంగారు పడకండి, 1950లలో కొన్నేళ్లు సంవత్సరాన్ని అక్షరంతోనే సూచించారు. ఇవన్నీ ఎవరు, ఎప్పుడు చేశారో చెబుతాయి. చేతిలో ఉన్నది ఏమిటో చెప్పవలసిన పని కొలతలది.

ఈ పాఠం నాకు ఉచితంగా రాలేదు. నా మొదటి వ్యాసాల్లో ఒకటి అమెరికా సైన్యపు రైఫిల్ తూటా .30-06 పేరు స్పష్టంగా ముద్ర ఉన్న ఒక ఖాళీ కేసు గురించి. దాని మెడ ఎందుకో కాస్త వెడల్పుగా అనిపించింది. కర్మాగారంలో జరిగిన పొరపాటు అయి ఉంటుందని ఊహించి, ఆ ఊహ మీద మూడు పేజీలు కట్టాను. వ్యాసం అచ్చయిన నెలకు నేనెరగని ఒక వృద్ధ సేకర్త నుంచి కార్డు వచ్చింది. అందులో "మెడ ఎంత?" అన్న రెండు మాటలు తప్ప మరేమీ లేవు. నేను కొలవలేదు. అప్పుడు కొలిస్తే తెలిసింది, అది 7.62 గుండుకు చేసిన మెడ కాదు, 8 మి.మీ. గుండుకు విప్పిన మెడ. రెండో ప్రపంచ యుద్ధం నుంచి సైనికులు తెచ్చుకున్న మౌజర్ రైఫిళ్లలో తూటా కూర్చునే గదిని పొడిగించి, సులువుగా దొరికే .30-06 కేసుల మెడను పెద్దది చేసుకుని వాటిలో వాడేవారు. కేసును మార్చినా ముద్ర మారదు. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ముద్రే తేల్చవలసిన సందర్భాలూ ఉన్నాయని ఒప్పుకుంటాను. 7.63 మౌజర్ పిస్తోలు తూటానూ 7.62 తొకరేవ్ తూటానూ పక్కపక్కన పెడితే కాలిపర్‌కు కూడా నమ్మకంగా చెప్పడం కష్టం, అక్కడ ముద్రను ఆశ్రయించక తప్పదు. కాని ఆ సంగతి కూడా కొలిచినవాడికే తెలుస్తుంది.

పేర్లను నమ్మవద్దని అనడానికి ఇంకో కారణం ఉంది. .38 స్పెషల్ గుండు వ్యాసం 0.38 అంగుళం కాదు, 0.357. .45-70లో 70 నల్లమందు బరువు గ్రెయిన్లలో, .30-06లో 06 అంటే 1906వ సంవత్సరం. .380 ఏ.సి.పి., 9 మి.మీ. కుర్జ్, 9 మి.మీ. కోర్తో, 9×17 అన్నీ ఒకే తూటాకు ఒక్కో దేశం పెట్టుకున్న పేర్లు. మీరు మూడో పేజీలో వీటిలో రెండింటిని రెండు తూటాలుగా లెక్కపెట్టారు.

మీ వ్యాసంలో "వింత" అనే మాట పదకొండు సార్లు వచ్చింది. తూటాలో వింత అనిపించే ప్రతి రూపం వెనకా ఎవరో ఎదుర్కొన్న ఒక చిక్కు ఉంటుంది, రాయవలసింది ఆ చిక్కును గురించి. అమెరికాలో తయారైన మూర్ రివాల్వర్ తూటాకు వెనక చిన్న చనుమొనలాంటి భాగం ఎందుకుంది? సిలిండర్ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తొలిచి వెనక నుంచి తూటా ఎక్కించే పద్ధతికి రోలిన్ వైట్ 1855లో పేటెంటు తీసుకున్నాడు, దాని మీద హక్కు స్మిత్ అండ్ వెసన్ చేతిలో ఉండేది, 1869 దాకా అది చెల్లింది. కనుక మూర్ తూటాను ముందు నుంచి ఎక్కించవలసి వచ్చింది, వెనక ఉన్న చిన్న రంధ్రంలోంచి ఆ మొన బయటికి వచ్చి సుత్తి దెబ్బను అందుకునేది. నగాన్ రివాల్వర్ తూటాలో గుండు మొత్తం కేసు లోపలే దాగి ఉండటం కూడా అలాంటిదే: సిలిండర్ ముందుకు జరిగి నాళాన్ని ఆనుకున్నప్పుడు కేసు మూతి రెంటి మధ్య ఉండే సందును పూడ్చి గ్యాసును బయటికి పోనివ్వదు.

తూటా, గుండు అనే మాటలను మీరు ఒకదాని బదులు ఒకటి వాడారు. కేసు, ప్రైమర్, మందు, గుండు కలిస్తే తూటా. నాళంలోంచి ఎగిరిపోయేది గుండు మాత్రమే. ఈ తేడా మన భాషలో చక్కగా ఉంది, దాన్ని మీ చేతులతో చెరపకండి.

"అయస్కాంతం అతుక్కుంది కనుక ఇది కవచాన్ని ఛేదించే గుండు" అని తొమ్మిదో పేజీలో రాసిన మాటను కొట్టేయండి. ఎన్నో సాధారణ గుళ్లకు రాగిపూత పూసిన మెత్తటి ఉక్కు పొర ఉంటుంది, 7.62×39 మామూలు గుండు లోపలి కడ్డీ కూడా మెత్తటి ఉక్కే. అంతకన్నా బాధ కలిగించినది, "మరకలు పోయి మెరిసేదాకా తోమాను" అన్న మాట. బ్రిటిష్ సైనిక తూటాల్లో ప్రైమర్ చుట్టూ పూసిన లక్క ఊదా రంగైతే మామూలు గుండు, ఆకుపచ్చైతే కవచభేది, ఎరుపైతే వెలుగు గీసే ట్రేసర్. బ్రష్షు రెండుసార్లు తిరిగితే ఆ సమాచారం అంతా పోతుంది, తిరిగి రాదు. పేలని తూటాను విప్పే ప్రయత్నం మాత్రం ఎన్నడూ చేయకండి. చిన్న కాలిబర్లలోనూ పేలే గుళ్లు, మండే గుళ్లు ఉన్నాయి. ఉన్న చోటి ఆయుధ చట్టం ఖాళీ కేసు గురించి కూడా ఏమంటుందో ముందే తెలుసుకోండి.

ఏ పత్రికకు పంపితే వేసుకుంటారని అడిగారు. నా వ్యాసం నుంచి ఒక సంపాదకుడు కొలతలన్నీ తీసేసి, "పాఠకులకు మిల్లీమీటర్లు అక్కర్లేదు" అని రాసి, శీర్షికలో "మృత్యుదూత" అనే మాట చేర్చి అచ్చు వేశాడు. ఇరవై రెండు ఉత్తరాలు వచ్చాయి, అన్నిటిలోనూ అడిగింది ఆ తీసేసిన కొలతలే. ఇప్పుడు తూటాయే "నేను" అని తన కథ చెప్పుకునే ధోరణి ఒకటి వచ్చింది, మీ చివరి రెండు పేజీలూ ఆ దారిలోనే నడిచాయి. ఇత్తడికి నోరు పెట్టనవసరం లేదు, అది గాడి రూపంలో మీకు చెప్పవలసింది చెప్పనే చెప్పింది.

వ్యాసాన్ని తిప్పి పంపుతున్నాను. నాలుగో పేజీలోని ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. కేసును ఇక తోమకండి. దాని అంచు వ్యాసం, అంచుకు పైన ఒంటి వ్యాసం, మెడ బయటి వ్యాసం, గాడికీ ప్రైమర్‌కూ మధ్య దూరం, ఈ నాలుగూ మూడేసి సార్లు కొలిచి, మూడు అంకెలూ విడివిడిగా ఒక కాగితం మీద రాసి పంపండి. అంచు 14 దగ్గర తేలితే నా అంచనా తప్పు, అది మాన్‌లిఖర్ అవుతుంది. అప్పుడా గాడి అక్కడికి ఎలా వచ్చిందో ఇద్దరం కలిసి వెతకాలి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి