ప్లాటు అమ్మి పాపను అమెరికా రెసిడెన్సీకి పంపాలా?

అనంతపురం నుంచి ఒక ప్రభుత్వ హైస్కూల్ టీచర్ గారు రాశారు. ఆయన వయసు 59, ఇంకో మూడేళ్లలో రిటైర్ అవుతారు. పాత పెన్షన్ ఉంది. సొంతిల్లు, దాని మీద అప్పు లేదు. బ్యాంకులో 14 లక్షలు, ఇంట్లో 40 తులాల బంగారం ఉన్నాయి. 2006లో 3 లక్షలకు కొన్న ప్లాటు ఇప్పుడు 45 లక్షలు పలుకుతోంది. బాబు బీటెక్ మూడో ఏడాది. పాప కర్నూలు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి హౌస్ సర్జెన్సీ కూడా పూర్తి చేసింది. పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ పీజీలో 2025లో 78 వేల ర్యాంకు వచ్చింది. కోరుకున్న జనరల్ మెడిసిన్ రాలేదు, మందుల శాస్త్రమైన ఫార్మకాలజీ వస్తే చేరలేదు. ఇప్పుడు ఇంట్లో తలా ఒక మాట. పాప స్నేహితురాలు అమెరికాలో రెసిడెన్సీకి (హాస్పిటల్లో జీతంతో పనిచేస్తూ స్పెషలిస్టు అయ్యే శిక్షణకు) ఎంపికైంది కాబట్టి తానూ అటే వెళ్తానంటోంది. పక్క రాష్ట్రంలో డీమ్డ్ యూనివర్సిటీలో ఏడాదికి 20 లక్షల ఫీజుతో సీటు ఇప్పిస్తానని, ముందు 5 లక్షలు కట్టమని ఒక ఏజెంటు తిరుగుతున్నాడు. ఇంకో ఏడాది హైదరాబాద్‌లో కోచింగ్ ఇప్పిద్దామని అమ్మ అంటోంది. 'ప్లాటుకు బేరం వచ్చింది, ఈ నెలలో చెప్పమంటున్నారు, అమ్మేయమంటారా?' అని అడిగారు సార్.

సార్, ముందు ప్లాటు సంగతి. ఈ నెలలో అమ్మొద్దు. సీటు చేతికొచ్చాక ఫీజు కట్టడానికి అమ్మడం వేరు, సీటు వస్తుందేమోనని ముందే అమ్మి పెట్టుకోవడం వేరు. డబ్బు బ్యాంకులో కనపడుతుంటే ఏజెంటు మాట కూడా నమ్మబుద్ధి అవుతుంది. అది మీ తప్పు కాదు, బిడ్డ కోసం ఆరాటపడే ఏ తండ్రికైనా అలాగే ఉంటుంది. పైగా 45 లక్షలూ మీకు రావు. 42 లక్షల లాభం మీద 12.5 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్ కలిపితే సుమారు ఐదున్నర లక్షలు పోతాయి. 2024 జూలై 23కి ముందు కొన్న స్థలం కాబట్టి పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి లెక్కేసి, 20 శాతం కట్టే వీలు కూడా ఉంది, కానీ మీ లెక్కకు అది ఏడు లక్షలు దాటుతుంది. తక్కువ పన్ను దారిలో వెళ్లినా చేతిలో మిగిలేది 39 లక్షల చిల్లర.

ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. డీమ్డ్ యూనివర్సిటీ సీట్లను ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వ మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) కౌన్సెలింగ్‌లోనే నింపుతారు. మన రాష్ట్రంలో ప్రైవేట్ కాలేజీల మేనేజ్‌మెంట్ సీట్లకు విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ ఉంది. రెండు చోట్లా నీట్ పీజీ ర్యాంకే ఆధారం. పాప తన లాగిన్‌తో తానే ఆప్షన్లు పెట్టుకోవాలి. మధ్యలో 'బ్లాక్' చేయడానికి ఎవరికీ దారి లేదు. కడప నుంచి వచ్చిన ఒక కుటుంబం ఇలాగే 4 లక్షలు అడ్వాన్సు ఇచ్చి, చివరికి సొంత ర్యాంకుతో మామూలు రౌండ్‌లోనే సీటు తెచ్చుకుంది. అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు. ఆ తల్లి నా ముందు కూర్చుని ఏడవడం నేను మర్చిపోలేదు.

పోటీ ఎంత గట్టిదో కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే మీ డబ్బు నిర్ణయం అంతా దాని మీదే ఉంది. 2025 ఆగస్టు 3న జరిగిన నీట్ పీజీకి 2.4 లక్షల మందికి పైగా డాక్టర్లు పేరు నమోదు చేసుకున్నారు. దేశంలో పీజీ సీట్లు 70 వేలు దాటాయి. అంటే ముగ్గురిలో ఒకరికి సీటు అని లెక్క తేలుతుంది. కానీ అసలు పోటీ ఆ అంకెలో కనపడదు. 2023లో సీట్లు మిగిలిపోతున్నాయని అర్హత పర్సంటైల్‌ను ఏకంగా సున్నాకు దించారు, అంటే పరీక్ష రాసినవాళ్లంతా అర్హులే. అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ లాంటివి ఖాళీగా ఉంటాయి. రేడియాలజీ, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్ మాత్రం మొదటి రౌండ్లలోనే అయిపోతాయి. అందుకే పాపకు ఏదో ఒక సీటు వచ్చింది, కావలసిన బ్రాంచ్ రాలేదు. ప్రైవేట్ కాలేజీ అడిగే లక్షలన్నీ ఆ బ్రాంచ్ కోసమే.

ఇక అమెరికా. అక్కడ ఆశ ఉందా అంటే ఉంది, మీ పాప స్నేహితురాలే సాక్ష్యం. 2024 మార్చిలో జరిగిన రెసిడెన్సీ మ్యాచ్‌లో, అంటే డాక్టర్లకు హాస్పిటల్ స్థానాలు కేటాయించే ప్రక్రియలో, మొత్తం 41,503 స్థానాలు పెట్టారు. అమెరికా మెడికల్ కాలేజీల్లో ఎండీ చివరి ఏడాది చదువుతున్నవాళ్లలో 93.5 శాతం మందికి స్థానం దొరికింది. అమెరికా పౌరులు కాని, బయటి దేశాల్లో చదివిన డాక్టర్లలో 58.5 శాతం మందికి దొరికింది. వంద మందిలో 58 మంది అంటే నీట్ కన్నా మేలే కదా అని మీకు అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది తండ్రులు పొరబడుతున్నారు. ఆ 58 శాతాన్ని చివరిదాకా నిలబడి, తమకు నచ్చిన హాస్పిటళ్ల జాబితా సమర్పించినవాళ్ల మీదే లెక్కిస్తారు. అమెరికా లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1 దగ్గర ఆగిపోయినవాళ్లు, రెండోదైన స్టెప్ 2లో స్కోరు రాక వెనక్కి తగ్గినవాళ్లు, డబ్బు అయిపోయి వదిలేసినవాళ్లు, ఒక్క ఇంటర్వ్యూ కూడా రానివాళ్లు అందులో లేరు. మొదటి రోజు పుస్తకం తెరిచినవాళ్లందరినీ కలిపితే ఆ శాతం తగ్గుతుంది.

మన పిల్లలకు ఎక్కువగా దొరికేవి ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్, పాథాలజీ. 2024లో ఒక్క ఇంటర్నల్ మెడిసిన్‌లోనే 10 వేలకు పైగా స్థానాలు ఉన్నాయి, పాప కోరుకునేది కూడా మెడిసినే కాబట్టి ఆ విషయంలో దారి సరైనదే. ఆర్థోపెడిక్స్, డెర్మటాలజీ మీద ఆశ పెట్టుకున్న పిల్లలకైతే నేను ఇంత సులువుగా చెప్పను.

ఖర్చు చూడండి. డాలర్ 90 రూపాయలు అనుకుందాం. స్టెప్ 1, స్టెప్ 2 ఒక్కోటి వెయ్యి డాలర్లు దాటుతుంది, అంటే రెండింటికీ కలిపి 2 లక్షల దరిదాపు. ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ అదనం. దరఖాస్తుల ఫీజు 2025 సీజన్ లెక్కలో ఒక స్పెషాలిటీకి మొదటి 30 ప్రోగ్రాములకు (రెసిడెన్సీ ఇచ్చే హాస్పిటళ్లకు) ఒక్కోదానికి 11 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 30 డాలర్లు. బయటి డాక్టర్లు వందకు తక్కువ పెట్టరు. వంద పెడితే 2,430 డాలర్లు, దగ్గర దగ్గర 2 లక్షల 20 వేలు. అసలు ఖర్చు వీటన్నిటికన్నా అక్కడికి వెళ్లి రెండు మూడు నెలలు హాస్పిటల్లో పనిచేసి (దీన్నే రొటేషన్ అంటారు) సిఫారసు లేఖలు తెచ్చుకోవడానికి అవుతుంది. విమానం, అద్దె, తిండి, రొటేషన్ ఫీజు కలిపి, నా దగ్గరికి వచ్చిన కుటుంబాలకు మొత్తం 12 నుంచి 18 లక్షలు అయింది. దీనికి ఎడ్యుకేషన్ లోన్ దాదాపు కుదరదు. రెసిడెన్సీ అంటే జీతం వచ్చే ఉద్యోగం, ఫీజు కట్టే కోర్సు కాదు కాబట్టి బ్యాంకుకు చూపించడానికి అడ్మిషన్ లెటర్ ఉండదు. అందుకే ఇళ్లల్లో బంగారం తాకట్టుకు పోతుంది.

డబ్బు కన్నా కాలం ఇంకా ఖరీదు. రెండు స్టెప్పులు, రొటేషన్లు ముగించి సెప్టెంబర్‌లో దరఖాస్తు పెడితే, ఫలితం మార్చిలో, చేరడం జూలైలో. ఇవాళ మొదలుపెట్టినా రెండు, రెండున్నరేళ్లు. ఎంబీబీఎస్ అయి ఎన్నేళ్లయిందో కూడా చాలా ప్రోగ్రాములు చూస్తాయి, ఐదేళ్లు దాటితే పక్కన పెట్టేవి ఉన్నాయి. వీసా మరో చిక్కు. శిక్షణకు వచ్చేవాళ్లకిచ్చే జే-1 వీసా మీద వెళ్తే చదువు అయ్యాక రెండేళ్లు మన దేశానికి తిరిగి రావాలి, లేదంటే డాక్టర్లు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి మినహాయింపు తెచ్చుకోవాలి. ఉద్యోగ వీసా హెచ్-1బి కావాలంటే ముందే మూడో పరీక్ష స్టెప్ 3 కూడా రాయాలి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, హాస్పిటళ్లు ఆ వీసా ఇవ్వడానికి ఎంత వెనకాడతాయో మీరే ఊహించండి.

ఇదంతా చెప్పింది పాపను ఆపమని కాదు. ఆ దారికి రెండున్నరేళ్ల ఓపిక, 15 లక్షల సొమ్ము, రాకపోయినా తట్టుకునే గుండె కావాలి. బంగారం, ప్లాటు కలిపి చూస్తే మీ దగ్గర ఆ సొమ్ము ఉంది. కానీ నీట్‌కు, స్టెప్పులకు కలిపి ఒకేసారి చదువుతానంటే మాత్రం ఒప్పుకోకండి. రెండింటి ప్రశ్నల తీరు వేరు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి రెండూ పోగొట్టుకున్న తెలివైన పిల్లలను చూశాను.

ఏడాదికి 20 లక్షల సీటు లెక్క ఒకసారి కాగితం మీద వేద్దాం. మూడేళ్లకు 60 లక్షలు. 10.5 శాతం వడ్డీకి లోన్ తీసుకుని, చదువు అయ్యాక ఇంకో ఏడాది ఆగి కట్టడం మొదలుపెడితే, అప్పటికి సాధారణ వడ్డీయే 18 లక్షల 90 వేలు చేరుతుంది. 78.9 లక్షల అప్పును పదేళ్లలో తీర్చాలంటే నెలకు లక్షా 6 వేల ఈఎంఐ. పదిహేనేళ్లకు పెంచినా 87 వేలు. కొత్తగా ఎండీ అయిన డాక్టర్‌కు అనంతపురం, కర్నూలులో నెలకు లక్షన్నర వస్తుందనుకుందాం. అందులో మూడో వంతు కన్నా ఎక్కువ అప్పుకు పోకూడదు, అంటే 50 వేలు. ఆ 50 వేలతో పదేళ్లలో తీరే అప్పు 37 లక్షలు. వెనక్కి లెక్క కడితే ఏడాదికి తొమ్మిది, తొమ్మిదిన్నర లక్షల ఫీజు మీ కుటుంబం మోయగల హద్దు. అంతకు మించితే ఆ భారం పాప ముప్పైల వయసంతా మోస్తుంది. ఏడున్నర లక్షలు దాటిన లోన్‌కు సాధారణంగా బ్యాంకు ఆస్తి తాకట్టు అడుగుతుంది. అప్పుడు ప్లాటు పెట్టండి, ఇల్లు మాత్రం పెట్టకండి. చేరే ముందు రెండు విషయాలు కాగితం మీద అడగండి: స్టైపెండ్ నిజంగా ఎంత ఇస్తారు, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి. ప్రభుత్వ కాలేజీలో పీజీలకు నెలకు 50 వేలకు పైగా స్టైపెండ్ ఉంది, దాంతో ఇంటికి ఒక్క రూపాయి భారం లేకుండా చదివేయొచ్చు. కొన్ని ప్రైవేట్ కాలేజీల్లో ఖాతాలో వేసి తిరిగి తీసుకుంటారన్న ఫిర్యాదులు ఉన్నాయి.

మన జిల్లాలో శెనక్కాయ రైతు తొలి వానకే ఉన్న విత్తనమంతా విత్తడు. వాన మొహం చాటేస్తే మళ్లీ విత్తడానికి కొంత దాచుకుంటాడు. మీ 14 లక్షలనూ అలాగే చూడండి. 4 లక్షలు ఇంటి ఆపదకు, ముట్టుకోకండి. బాబు చివరి ఏడాది ఫీజుకు 2 లక్షలు. 6 లక్షలు పాప రాబోయే ఏడాదికి. మిగతా 2 లక్షలు కౌన్సెలింగ్ డిపాజిట్లకు, ప్రయాణాలకు.

నా సలహా ఇంకొక్క ఏడాది నీట్ పీజీ, దాంతోపాటు ఎయిమ్స్, జిప్మర్ లాంటి సంస్థలకు ఏటా రెండుసార్లు జరిగే ఐఎన్ఐ సెట్. హైదరాబాద్ హాస్టల్ అక్కర్లేదు, ఆన్‌లైన్ కోర్సు, ఇంటి దగ్గర్లో ఒక రీడింగ్ రూమ్ చాలు. నర్సింగ్ హోమ్‌లో నెలకు 45 వేలకు డ్యూటీ డాక్టర్‌గా రమ్మంటున్నారని రాశారు కదా, మొదటి మూడు నాలుగు నెలలు చేయనివ్వండి. పాప చేతికి సొంత డబ్బు వస్తే టెన్షన్ సగం తగ్గుతుంది, రోగులను చూసే చెయ్యి కూడా మొద్దుబారదు. ఆ తర్వాత మానేసి పూర్తిగా చదువు. ఈసారి ఆప్షన్లలో జనరల్ మెడిసిన్ ఒక్కటే పట్టుకోవద్దని చెప్పండి. అనస్థీషియా, పల్మనాలజీ, సైకియాట్రీ, పీడియాట్రిక్స్ పెట్టమనండి. తాడిపత్రి, ధర్మవరం నర్సింగ్ హోమ్‌లలో అనస్థీషియా డాక్టర్ కోసం ఆపరేషన్లు వాయిదా వేసుకునే రోజులు ఉన్నాయి. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పీజీ, డీఎన్‌బీ సీట్లనూ చిన్నచూపు చూడొద్దు, ఎండీ, ఎంఎస్‌లతో సమానమే, ఫీజు ఏడాదికి లక్షన్నర లోపు. పీహెచ్‌సీలో రెగ్యులర్ పోస్టు పడితే ప్రభుత్వ డాక్టర్లకు పీజీలో ఇచ్చే ఇన్‌సర్వీస్ కోటా దారి కూడా తెరుచుకుంటుంది, ఆ శాతం మాత్రం ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటుంది కాబట్టి ఏ ఏటికాయేడు చూసుకోవాలి.

రెండోసారీ కుదరకపోతే, అప్పుడు 9 లక్షల హద్దులో కౌన్సెలింగ్ ద్వారా ప్రైవేట్ సీటో, అమెరికానో పాప నిర్ణయించుకోవాలి. ఆ రోజున ప్లాటు అమ్మాల్సి వస్తే అమ్మండి, నేనే అమ్మమంటాను.

బంగారం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. అది పాప పెళ్లికని దాచామని రాశారు. పాపతోనే కూర్చుని అడగండి, 'అమ్మా, ఇది నీ చదువుకు వాడమంటావా, పెళ్లికి ఉంచమంటావా' అని. 24 ఏళ్ల డాక్టరు, తన పేరు మీద పెట్టిన సొమ్ము గురించి తాను చెప్పడం న్యాయం. చుట్టాల మాటకు భయపడి పాప పరీక్ష ఏడాదిలో పెళ్లిచూపులు పెట్టకండి.

చివర్లో రాశారు, మీ బావమరిది రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు సర్దుతానన్నారని. నూటికి నెలకు రెండు రూపాయలంటే నెలకు 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. తీసుకోకండి సార్. మీ 14 లక్షలు చాలు.